చెంగల్రాయుడి నంబరు

ఆడినెలలో ఒక సాయంత్రం డర్బన్ నుంచి వచ్చిన ఒకామె మా ఇంటి అరుగు మీద కూర్చుని ప్లాస్టిక్ కవర్లోంచి జిరాక్సు కాగితం ఒకటి బయటికి తీసింది. "అంకుల్, ఈయన మా ముత్తాత. ఈ ఊరు ఎక్కడుంది?" అని ఇంగ్లీషులో అడిగింది. కాగితంలో ముత్తాత పేరు కంటే ముందు ఒక నంబరు ఉంది. పేరు తర్వాత తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చ. మనిషి మొత్తం ఒక్క వరుసలో అయిపోయాడు.

నేను నగరిలో బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇట్లాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకు దారి చూపడం కొన్నేళ్లుగా నాకు అంటుకున్న పని. పైసా రాదు, తిరుగుడు మాత్రం బాగా ఉంది. వెతికేది ఎట్లాగో ఆమె ముత్తాత కాగితంతోనే చెప్తాను. తన పేరు రాయొద్దని ఆమె కోరింది; ముత్తాత పేరు మాత్రం చెంగల్రాయుడు. ఊరి పేరు కూడా దాచిపెడతాను.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకుతోటల్లో కొన్నేళ్లు కట్టుబడి పనిచేస్తామని ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. 1866 నుంచి 1874 దాకా మధ్యలో ఆగినా, 1911 వరకు ఓడలు పోతూనే ఉన్నాయి. దిగిన ప్రతి మనిషికీ, చంకలో బిడ్డకు కూడా, ఒక నంబరు వేశారు. ఆఖరికి ఆ లెక్క 1,52,184కు చేరింది. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. అందులోనూ మన ఉత్తర ఆర్కాడు జిల్లావాళ్లు దండిగా ఉన్నారు. అప్పటికి నగరి ఆ జిల్లాలోదే, కార్వేటినగరం జమీందారీలోది.

కాగితం చేతికి రాగానే అందరూ ఊరి పేరు మీద పడతారు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "మీ ఇంట్లో ముసలోళ్లు ఏం చెప్పేవాళ్లమ్మా?" అని అడిగాను. వెతకడం ఇక్కడ మొదలుపెట్టాలి. ఇంట్లో విన్నది విన్నట్టు రాసుకోవాలి, దిద్దకూడదు. కరువులో పోయినాడని వాళ్ల అవ్వ చెప్పేదట. తిరుత్తణి స్వామికి కావడి మొక్కు ఉండేదట. ఏడాదికొకసారి ఇంటి ముందర 'పారిజ్ ప్రేయర్' చేస్తారట. అదేందో నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. రాగిపిండి, మజ్జిగ, ఎర్రగడ్డలు అని ఆమె చెప్పుకుంటూ పోతే తట్టింది. అమ్మవారికి అంబలి పోసేది. ఆ సాయంత్రం మా వీధి చివర మైకులో పాటలు మోగుతున్నది కూడా దానికే.

కరువు అన్నమాటను కాలంగా మార్చుకోవాలి. మన పెద్దలు ఏళ్లను అంకెలతో చెప్పరు, సంవత్సరం పేరుతో చెప్తారు. ధాత కరువు అంటే 1876-77లో మొదలైన పెద్ద కరువు. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1936-37 కూడా ధాతే. ఈ సంగతి మరిచిపోయి తాతను మనవడి కాలంలో వెతికినవాళ్లున్నారు. ఊళ్లో దస్త్రాలైతే ఫసలీ లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1286 ఫసలీ అంటే 1876 జులై నుంచి మరుసటి జూన్ దాకా. చెంగల్రాయుడు 1890లలో ఓడ ఎక్కాడు, ఇరవై ఏళ్లవాడని రాసుంది. అంటే ధాత కరువు నాటికి పాలబుగ్గల పిల్లోడు. అవ్వ అబద్ధం చెప్పలేదు. 1891-92లో కూడా మద్రాసు రాజధానిలో వానల్లేక కరువొచ్చింది. పెద్ద కరువు పేరు చిన్న కరువుకు తగులుకుని ఉంటుంది.

తర్వాతిది మనవైపు నుంచి వెనక్కి నడవడం. ఆమె పుట్టిన సర్టిఫికెట్టు, అందులో తండ్రి పేరు. తండ్రి పెళ్లి కాగితం, అందులో తాత పేరు. తాత చనిపోయినప్పటి కాగితంలో వాళ్ల నాయన నంబరు. నేటాల్లో ఈ నంబరు మనిషిని చచ్చేదాకా వదల్లేదు. పెళ్లి నమోదు చేసినా, బిడ్డ పుట్టినా, యజమాని మారినా అదే రాసేవాళ్లు. అందుకే అక్కడివాళ్లకు ముందు దొరికేది నంబరు, పేరు ఆ తర్వాత. ఒక్క మెట్టు కూడా దాటేసి ఎగరకూడదు. పేరు కుదిరింది కదా అని నేరుగా ఓడ జాబితాలో దూకితే, అదే పేరు గల ఇంకెవరి తాతో మన తాతైపోతాడు.

ఈ క్రమశిక్షణ నాకు ఇంగ్లండు చర్చి రిజిస్టర్ల గురించి చదివితే వచ్చింది. అక్కడ 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో ఎక్కించాలని ఉత్తర్వు చేశాడు. 1598 నుంచి ఆ పుస్తకాలకు ఏటా నకలు తీసి బిషప్పుకు పంపడం మొదలైంది. అసలు పుస్తకం ఎలుకలు కొట్టినా నకలు మిగిలేది. 1813 నుంచి అచ్చు ఫారాలొచ్చాయి, తండ్రి ఏం పని చేస్తాడో రాయడానికి కూడా ఒక గడి పెట్టారు. 1837 నుంచి సర్కారే జననమరణాలు నమోదు చేసింది. అక్కడి పాలేరు తన తాతను వెతకాలంటే 1837 దాకా సర్కారు కాగితం, అక్కణ్ణించి చర్చి పుస్తకం. ఇంకో కిటుకు కూడా అందులోదే: ఆ పుస్తకంలో ఉండేది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. కాగితం ఎందుకు రాశారో తెలుసుకోకుండా అందులోని మాటను నమ్మకూడదు.

తెల్లవాళ్లు మద్రాసు వచ్చినా ఈ అలవాటు మానలేదు. కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో రిజిస్టరు 1680 నుంచి ఉంది. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో అక్కడే రాశారు. మద్రాసు రాజధానిలోని చర్చి పుస్తకాల నకళ్లు లండన్ పోయేవి. ఈనాడు అవి బ్రిటిష్ లైబ్రరీలో 'ఎన్2' అనే వరుసలో ఉన్నాయి. చిత్తూరులో జ్వరంతో పోయిన దొర పేరు లండన్లో దొరుకుతుంది. అదే ఏడు ఓడెక్కిన మన కూలీ పేరు డర్బన్లో దొరుకుతుంది. ఊళ్లోనే ఉండిపోయినవాడి పేరు దొరకడం అన్నిటికంటే కష్టం. ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఇక ఓడ జాబితా. అసలు పుస్తకాలు డర్బన్ ప్రభుత్వ భాండాగారంలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పెద్ద పని డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ప్రొఫెసర్ సురేంద్ర భానా 1902 వరకు వెళ్లిన 95,382 మంది వివరాలు లెక్కగట్టి 1991లో పుస్తకం వేశాడు. నంబరు చేతిలో ఉంటే వరుస దొరకడం ఇప్పుడు పెద్ద పని కాదు. దాన్ని చదవడమే పని.

దాన్ని కంటితో చదవకూడదు, నోటితో చదవాలి. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే మద్రాసు డిపోలో గుమాస్తా బల్ల వెనక కూర్చుని "పేరేంది?" అన్నాడు. బల్ల ముందు నిలబడినవాడికి చదువు రాదు. వాడు పలికింది వీడు విన్నాడు, విన్నది ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. తమిళ గుమాస్తా అయితే చెవి ఒకరకం, దొరైతే ఇంకొకరకం. ట, డ, త, ద నాలుగూ రెండక్షరాల్లో ఇరుక్కుంటాయి, ళకారం లకారమవుతుంది, దీర్ఘం ఎక్కడ పడాలో దేవుడికే తెలియాలి. మునిస్వామి 'మూన్‌సామీ' అయింది, కుప్పు 'కూపూ' అయింది, నారాయణస్వామి 'నరైన్‌సామీ' అయింది. మనవాడు 'షంగల్‌రాయన్' అని ఉన్నాడు. డర్బన్ ఆమె ఇన్నేళ్లూ శంకర్ రాయన్ అనుకుందట. నేను అరుగు మీద కూర్చుని నాలుగు సార్లు గట్టిగా అన్నాను. నాలుగోసారికి లోపల్నుంచి మా ఆవిడ, "చెంగల్రాయన్ అంటుండారు, తిరుత్తణి సామి పేరు" అంది. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామిని చెంగల్వరాయుడంటారు. కావడి మొక్కు ఉన్న ఇంట్లో ఆ పేరు పెట్టడం మా పక్క మామూలు. కాబట్టి ఎవరైనా సరే కాగితాన్ని ఆ ప్రాంతం మనిషి ముందు బిగ్గరగా చదవండి. చదువుకోని మనిషైతే మరీ మంచిది.

కులం గడిలో కొందరికి 'జెంటూ' అని రాశారు. అది కులం కాదు, తెలుగువాడని అర్థం. 'మలబార్' అని ఉంటే చాలాసార్లు తమిళుడు. మన ఇంటిపేరు అడిగే గడి ఆ ఫారంలో లేనే లేదు. నేటాల్లో కొన్నాళ్లకు కులం పేరో, తండ్రి పేరో ఇంటిపేరైపోయింది. ఒక తల్లి బిడ్డల్లో ఒకడు నాయుడూ, ఇంకొకడు తండ్రి పేరుతోనూ మిగిలిన కుటుంబాలున్నాయి. ఇంటిపేరు పట్టుకుని వెతికితే అందుకే గోడకు తగులుకుంటాం.

తర్వాత చేయాల్సింది చాలామంది మరిచిపోయే పని. మన నంబరుకు పైన పదీ కింద పదీ చూడాలి. ఒక ఊరివాళ్లు ఒక మేస్త్రీ వెంట కలిసి పోయేవాళ్లు, డిపోలో కలిసి నిలబడేవాళ్లు, వరుసగా నంబర్లు పడేవి. చెంగల్రాయుడి ఊరి పేరు సగం చెరిగిపోయింది, 'కండ్రిగ' అనే తోక మాత్రం కనిపిస్తోంది. మా తావులో కండ్రిగలకు కొదవా? మూడు నంబర్ల కింద ఇంకొకడు, అదే తాలూకా, అదే తోక, ముందు సగం స్పష్టంగా ఉంది. ఆ పక్క మనిషి పుణ్యమా అని ఊరు తేలింది. పక్కన ఆడమనిషి పేరుంటే మాత్రం వెంటనే భార్య అనుకోవద్దు. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలనే నియమం ఉండేది. డిపోలో కలిసి జతకట్టినవాళ్లు, ఒంటరిగా బయల్దేరిన ఆడవాళ్లు చాలామంది. ఆమె ఊరు వేరే ఉండొచ్చు, ఆమె కథ వేరుగా వెతకాలి.

ఊరు తెలిసింది కదా అని బస్సెక్కకండి. నేను మొదటిసారి ఆ పొరపాటే చేశాను. మారిషస్ నుంచి వచ్చిన ఒకాయన్ను తీసుకుపోయి తప్పు ఊళ్లో నిలబెట్టాను. ఆయన దగ్గర అక్కడి మోకా ఊరిలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన కాగితం, ముత్తాత ఫోటో కూడా ఉన్నాయి. ఊరి పేరు కుదిరింది, నేను ఎగిరి గంతేశాను. ఆయన రావిచెట్టు కింద ఏడిస్తే నేనూ ఏడ్చాను. నెల తర్వాత తెలిసింది, అదే పేరుతో ఇంకో ఊరు తిరుత్తణి పక్కన ఉందని. కాగితంలోని తాలూకా దానికే సరిపోయింది. ఆయనకు ఉత్తరం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అందుకే ఊరి కంటే ముందు సరిహద్దు గీతలు చూడాలి. ఇవి మా నగరి తిప్పలు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. అంతకుముందు చిత్తూరు పట్నం ఉత్తర ఆర్కాడుకే ముఖ్యపట్నం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2022 ఏప్రిల్‌లో నగరి చిత్తూరులోనే ఉండిపోయి, పక్కనున్న పుత్తూరు తిరుపతి జిల్లాలో చేరింది. చెంగల్రాయుడు కదలకుండా ఇంటి దగ్గరే ఉండిపోయినా ఆయన కుటుంబం ఇన్ని చిరునామాలు మారుండేది. స్పెల్లింగులు కూడా తెలిసుండాలి. కాళహస్తి పాత కాగితాల్లో 'కలాస్త్రీ', తిరుపతి 'త్రిపెట్టీ', కార్వేటినగరం పాలెగాళ్ల సీమ 'బొమ్‌రాజ్ పొల్లం', అంటే బొమ్మరాజు పాళ్యం. ఆర్థర్ కాక్స్ 1881లో అచ్చువేసిన ఉత్తర ఆర్కాడు మాన్యువల్, తర్వాత హెరాల్డ్ స్టూవర్ట్ సవరించింది, పక్కన ఉంటే ఏ తాలూకా ఎవరి కింద ఉండేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఊరికి సంబంధించిన దస్త్రాలు. 'మీభూమిలో చూడండి సార్' అని కుర్రాళ్లు చెప్తారు. అందులో ఈనాటి పట్టాదారు కనిపిస్తాడు, ముత్తాత కనిపించడు. ఇది జమీందారీ పల్లె. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగేదాకా రైతుల పేర్లు జమీందారు కచేరీ లెక్కల్లోనే ఉండేవి. ఐతే ఒక తలుపు తెరిచుంది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఇనాం భూమి ఎవరిది, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని రాసింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరు బంగారుగని. పూజారి, కరణం, మంగలి, చాకలి, వెట్టివాడు, ఎవరికి గుంటెడు ఇనాం ఉన్నా వాళ్ల వంశం అందులో దొరికే వీలుంది. సెంటు భూమి లేని కూలివాడికి మాత్రం అదీ లేదు. ఓడెక్కినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

జననమరణ రిజిస్టరు మునసబు రాసేవాడు. పుట్టిన బిడ్డ పేరు దగ్గర చాలాసార్లు 'మగ', 'ఆడ' అని మాత్రమే ఉంటుంది, తండ్రి పేరుతోనే పట్టుకోవాలి. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దైనప్పుడు కొన్ని దస్త్రాలు ఆఫీసుకు చేరాయి, కొన్ని అటకెక్కాయి. ఒక ఆఫీసులో నేను మూడు రోజులు తిరిగాక బీరువా తెరిచి చూపించారు. లోపల చెదలు కట్టిన పుట్ట, దాని మీద తోలు అట్ట ఒకటి నిలబడి ఉంది. అటెండరు దాన్ని గౌరవంగా మళ్లీ మూసేశాడు.

కుటుంబం కిరస్తానీలైతే దారి మారుతుంది, కొంచెం సులువు కూడా. మా పక్క ఇంగ్లీషు చర్చి కంటే జర్మన్‌ది ఎక్కువ. హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1860ల మధ్య నుంచి నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి, పుత్తూరు వైపు పనిచేసింది. ఇప్పటి దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి దానికి వారసురాలు. చిత్తూరు వైపు ఆర్కాడు మిషన్, 1853లో స్కడర్ సోదరులు పెట్టింది. పాస్టరుగారిని అడిగి, ఆయన సమక్షంలో, చేతులు కడుక్కుని బాప్తిస్మం పుస్తకం తిప్పాలి. తీసుకున్నవాడి పేరు మారుతుంది కాబట్టి తండ్రి పేరు గడి మీద వేలుపెట్టి కిందికి దిగాలి. అక్కడ పాత పేరు అట్లే ఉంటుంది. సాక్షుల పేర్లు కూడా రాసుకోండి, వాళ్లు తరచుగా మేనమామలో చిన్నాయనలో అవుతారు. నేటాల్లో మతం పుచ్చుకున్నవాళ్లైతే వాళ్ల పుస్తకం అక్కడే ఉంటుంది. 1903లో నెల్లూరు నుంచి వెళ్లిన జాన్ రంగయ్య అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘాలు నిలబెట్టాడు. చమత్కారమేమంటే హెర్మన్స్‌బర్గ్ వాళ్లు మన దగ్గరికి రాకముందే, 1854లో నేటాల్లో దిగారు.

చెంగల్రాయుడికి చర్చి లేదు, ఇనాం లేదు. ఓడ జాబితా ఒక్కటే. ఇట్లాంటప్పుడు నేను ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గీతలు గీస్తాను: ఖాయం, కావచ్చు, సందేహం. నంబరు, ఓడ, ఏడు, తాలూకా ఖాయంలో. ఊరు, పక్క నంబరువాడి సాక్ష్యంతో కాబట్టి కావచ్చులో. వచ్చినవాళ్లు నన్ను బతిమాలతారు, సందేహంలోది ఖాయంలోకి జరపమని. మారిషస్ ఆయనకు రాసిన ఉత్తరం తర్వాత నేను జరపడం మానేశాను.

మరుసటి ఆదివారం ఆటోలో కండ్రిగకు పోయాం. దారిలో నగరి కొండ కనిపించే మలుపు దగ్గర ఆపించాను. కొన మొనదేలి మనిషి ముక్కులా ఉంటుంది, తెల్లవాళ్లు 'నగరి నోస్' అన్నారు. సుమారు 2,800 అడుగులు. సముద్రంలో పోయే ఓడలవాళ్లకు తీరం గుర్తుపట్టడానికి అది ఆనవాలు. మద్రాసు నుంచి ఓడ కదిలినప్పుడు డెక్కు మీద నిలబడ్డవాడికి అది కనిపించి ఉండొచ్చని ఆమెతో అన్నాను. "ఇది ఏ గడిలో రాస్తారు అంకుల్?" అంది. సందేహంలో అన్నాను. ఆమె ఫోటో తీసుకుంది.

ఊళ్లో అందరినీ ఒకేసారి అడగకూడదు. గుంపు చేరితే అందరూ చుట్టాలైపోతారు. కాగితం చూపించకుండా, పేరు చెప్పకుండా ముందు ముసలివాళ్లను వినాలి. "దేశాంతరం పోయినోళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగితే ఇద్దరు లేదన్నారు, ఒకాయన కొలంబో అన్నాడు. నాలుగో ఇంట్లో తొంభైకి దగ్గరున్న ఒకవ్వ మంచం మీద కూర్చోనుంది. వాళ్ల మామ తండ్రికి ఒక తమ్ముడు ఉండేవాడని, పంచె ఆరేసినోడు ఆరేసినట్టే పోయినాడని చెప్పింది. పేరడిగితే గుర్తులేదంది. ముక్కు మీద మచ్చ ఉందా, కాలి మీద ఉందా అని నేను అడగబోయి ఆగాను. జవాబు మనమే నోట్లో పెట్టినట్టవుతుంది.

అవ్వ డర్బన్ ఆమెను చాలాసేపు చూసింది. "యాడినుంచి వచ్చినావు పాపా?" అంది. నేను చెప్పాను. దూరం ఎంతో ఆమెకు పట్టలేదు. "మీ ఇంట్లో అంబలి ఏ పొద్దు పోస్తారు?"

నేను ఇంగ్లీషులో అడిగాను. "సండే. అందరూ శుక్రవారం చేస్తారు, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఆదివారమే. ఎందుకో తెలియదు" అంది ఆమె.

నేను తెలుగులో చెప్పకముందే అవ్వకు 'సండే' అర్థమైంది. ఇంట్లోకి తిరిగి, కోడలితో పెద్ద చెంబు తీసుకురమ్మంది. వాకిట్లో అంబలి కుండ ఇంకా దించలేదు. నేను జేబులోంచి కాగితం తీసి, పెన్ను మూత విప్పి, 'ఆదివారం' అని 'కావచ్చు' కింద రాశాను.